పాత మారుతి వ్యాను, పెట్రోలు ఖర్చు: నా అనుభవ పాఠాలు

మా ఊరు చెవిటికల్లులోనే కాదు, కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా ఏ ఊరికి వెళ్లినా ఏదో ఒక వాకిట్లో పాత మారుతి వ్యాను కనిపిస్తుంది. 1984లో మారుతి వ్యాను పేరుతో మొదలై, 1988లో ఓమ్నీ అయి, 2019లో తయారీ ఆగిపోయిన బండి అది. 796 సీసీ పెట్రోలు ఇంజను, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. విదేశాల్లో పడకలూ వంటగదీ ఉన్న క్యాంపర్ వ్యానుల్లో షికార్లు చేస్తారు. మన వైపు ఆ పని చేసేది ఈ వ్యానే. వెనక సీటు మడిచి, దాని మీద పరుపు పరిచి, ఒక చిన్న స్టవ్వు, నీళ్ల క్యాను పెట్టుకుని వేదాద్రి, మట్టపల్లి, శ్రీశైలం, అన్నవరం తిరిగొచ్చే కుటుంబాలు నాకు చాలా తెలుసు. మాదీ అలాంటి కుటుంబమే.

నా ఉద్యోగమంతా ఆర్టీసీలో స్టీరింగు దగ్గరే గడిచింది. అక్కడ డ్రైవరు పనితనాన్ని కేఎంపీఎల్‌తో కొలుస్తారు. లీటరు ఆయిలుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నదే లెక్క. బాగా తెచ్చినవాడికి మెచ్చుకోలు, తేనివాడికి పిలిచి శిక్షణ. డీజిల్ బస్సు మీద నేర్చుకున్నది పెట్రోలు వ్యానుకూ పనికొచ్చింది. ఇప్పుడు కుర్రాళ్లు యాభై అరవై వేలకు పాత వ్యాను కొనుక్కుని, "బాబాయ్, ఇది పెట్రోలు తాగేస్తోంది, అమ్మేద్దామా?" అని అడుగుతున్నారు. అమ్మేముందు ఇవి చదవండి.

1. ముందు లెక్క రాయండి

మైలేజీ ఎంతొస్తోందని అడిగితే చాలామంది "పదో పన్నెండో" అంటారు. అది లెక్క కాదు. ట్యాంకు నిండా కొట్టించి, గన్ను దానంతటది ఆగిన చోట ఆపించండి. కిలోమీటర్ల రీడింగు పుస్తకంలో రాసుకోండి. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే నిండా పట్టించండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ బండి మైలేజీ. ఒక్క ట్యాంకుతో తేల్చకండి, మూడు నాలుగు ట్యాంకులు చూడండి. మీటరు కేబులు తెగి ఉంటే ముందు అది వేయించండి. దానికయ్యే ఖర్చు పెద్దది కాదు.

ఈ లెక్క ఎందుకంటే, దేనికి ఎంత ఖర్చు పెట్టొచ్చో అది చెబుతుంది. ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగే వ్యాను లీటరుకు 12 ఇస్తే 333 లీటర్లు కావాలి. 15 ఇస్తే 267 చాలు. లీటరు 110 రూపాయలనుకుంటే తేడా ఏడు వేల పైచిలుకు. అంటే ఏడాదికి రెండు మూడు వేలు మరమ్మతుకు పెట్టినా లాభమే. పాతిక వేలు పెట్టి ఏదో పరికరం బిగించుకుంటే మాత్రం ఆ డబ్బు రాబట్టుకోవడానికి మూడేళ్లు దాటుతుంది.

2. వేగం ముందు తగ్గించండి

పెట్రోలియం పొదుపు మీద ప్రచారం చేసే కేంద్ర సంస్థ పీసీఆర్‌ఏ ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒకటుంది. 80 కిలోమీటర్ల వేగం కంటే 45–55 మధ్య నడిపితే 40 శాతం దాకా ఎక్కువ దూరం వస్తుంది అని. చిన్న కారు విషయంలో ఎలా ఉన్నా, మన వ్యాను విషయంలో నేనిది పూర్తిగా నమ్ముతాను. దాని ముఖం గోడలా నిటారుగా ఉంటుంది. గాలి ఒత్తిడి వేగంతోపాటు సమానంగా పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరిగింది కానీ ఎదురుగాలి ముప్పావు వంతుకు పైగా పెరిగింది. ఆ గాలిని తోయడానికి అయ్యే ఖర్చంతా మన ట్యాంకులోదే.

1973 చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా అంతటి దేశం 1974లో హైవేల మీద వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే 88 కిలోమీటర్లకు, చట్టం పెట్టి తగ్గించింది. వాళ్ల పెద్ద కార్లకు 88 పొదుపైతే, మన 796 సీసీ డబ్బాకు 55 పొదుపు.

ఆలస్యమవుతుందంటారు. కంచికచర్ల నుంచి బెజవాడకు ముప్పై కిలోమీటర్ల చిల్లర. 80లో వెళ్తే ఇరవై మూడు నిమిషాలు, 55లో అయితే ముప్పై మూడు. పది నిమిషాలు ముందు బయల్దేరితే సరిపోతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇలా వెళ్లేటప్పుడు ఎడమ వరసలోనే ఉండండి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోండి. కుడి వరసలో నిదానంగా పోవడం ప్రాణాంతకం.

నిదానం అంటే చిన్న గేరులో అరిపించడం కాదు. బండి ఊపందుకోగానే నాలుగో గేరుకు వెళ్లాలి. ఇంజను వణుకుతుంటే వెంటనే కిందికి దించాలి.

3. చూపు దూరంగా, కాలు తేలిగ్గా

నందిగామ ఊళ్లోకి వెళ్తుంటే ఎదురుగా పత్తి ట్రాక్టరు, పక్కన ఆటో, ముందు ఆవు. అవి రెండొందల గజాల దూరంలో ఉన్నప్పుడే మీకు కనిపిస్తాయి. అప్పుడే యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. దగ్గరికి వెళ్లి బ్రేకు తొక్కితే, అంతవరకూ కాల్చిన పెట్రోలు డ్రమ్ములో వేడై పోయినట్టే. కీసర టోల్‌గేటు కనిపించిన దగ్గర్నుంచీ బండి దొర్లుతూ వెళ్లాలి కానీ గేటు దాకా తొక్కి అక్కడ ఆపకూడదు. ఆర్టీసీలో మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. చేతులు నేర్చుకోవాల్సిన పని కాదిది, కళ్లు నేర్చుకోవాలి.

4. ఇంజను చల్లగా ఉండటం మంచిది కాదు

మన వైపు ఎండల సంగతి తెలిసిందే. నందిగామ, జగ్గయ్యపేట పేర్లు వేసవిలో రోజూ వార్తల్లో ఉంటాయి. బండి ఒక్కసారి వేడెక్కి ఆగితే చాలు, థర్మోస్టాట్ వాల్వు పీకి పారేసే మెకానిక్కులు ఉన్నారు. "ఇక వేడెక్కదు అన్నా" అంటారు. నిజమే, వేడెక్కదు. వేడెక్కాల్సినంత కూడా వేడెక్కదు.

ఆ వాల్వు పని, నీళ్లు ఎనభై డిగ్రీల పైకి వచ్చేదాకా రేడియేటరులోకి పోకుండా ఆపడం. ఆ వేడిలో పెట్రోలు పూర్తిగా ఆవిరై శుభ్రంగా మండుతుంది. వాల్వు లేకపోతే ఇంజను ఎప్పుడూ అరకొర వేడితోనే నడుస్తుంది. పెట్రోలు సరిగ్గా మండక కొంత సిలిండరు గోడల వెంట ఆయిల్లోకి దిగుతుంది. మైలేజీ పోతుంది, ఇంజనూ అరుగుతుంది. శీతాకాలంలో తెల్లవారుజామున బయల్దేరిన బండిలో వేడి ముల్లు కంచికచర్ల దాటినా పైకి లేవకపోతే, వాల్వు లేదని అనుమానించండి. కొత్తది వేయించడానికి అయ్యేది కొన్ని వందలు. నేను చూసిన పాత వ్యానుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చిన మరమ్మతు మరొకటి లేదు. బండి నిజంగా వేడెక్కుతుంటే రేడియేటరు పూడికా, మూత రబ్బరూ, ఫ్యానూ చూడాలి. అసలు జబ్బు అక్కడుంటుంది.

5. కార్బురేటరు, ప్లగ్గులు, గాలి

పాత వ్యానులకు కార్బురేటరు, తర్వాతి వాటికి ఎంపీఎఫ్‌ఐ, అంటే కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు పోసే పద్ధతి. కార్బురేటరు బండికి మొదట చోక్ చూడండి. మన ఎండలకు చోక్ అవసరం కొన్ని క్షణాలే. నాబు లోపలికి నొక్కినా, కేబులు పట్టేసి లోపల పలక సగం మూసుకునే ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీసి కళ్లతో చూస్తే తెలిసిపోతుంది. అలా సగం మూసుకున్న చోక్‌తో ఏళ్ల తరబడి తిరిగే బండ్లున్నాయి. వాటి పొగ నల్లగా వస్తుంది, వాసన కళ్లు మండిస్తుంది.

తర్వాత ప్లగ్గులు విప్పి మొన చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు చాలక వేడెక్కుతోంది, అది ఇంకా ప్రమాదం. మూడు ప్లగ్గులూ ఒకే రంగులో ఉండాలి. ఒకటి వేరుగా ఉంటే ఆ సిలిండరు టాపెట్లు, ప్లగ్గు వైరు చూపించండి. మెకానిక్కు స్లో, మిక్చరు స్క్రూలు తిప్పేముందు ఇవన్నీ సరిచేయాలి. ముందే స్క్రూలు తిప్పేవాడి దగ్గర బండి పెట్టకండి.

ఎయిర్ ఫిల్టరుకు కంపెనీ పుస్తకంలో రాసిన గడువు మన ఊళ్లకు సరిపోదు. ఇసుక లారీల దుమ్ము, జగ్గయ్యపేట వైపు సిమెంటు దుమ్ము, పత్తి సీజన్లో పీచు. సగం గడువుకే తీసి దులపండి, మాసిపోతే మార్చండి. ఎంపీఎఫ్‌ఐ బండిలో ఇంజను లైటు వెలుగుతుంటే దాన్ని పట్టించుకోకుండా తిరగకండి. వేడి కొలిచే సెన్సరు పాడైతే, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు అదనంగా పెట్రోలు పోస్తుంది.

చక్రాల సంగతి. ఆర్టీసీలో బస్సు డిపోకి రాగానే డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లం. మీరూ చూడండి. కాసేపు తిరిగొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా జాగ్రత్తగా చెయ్యి ఆనించండి. ఒకటి మిగతా వాటికంటే బాగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. చదునైన నేల మీద న్యూట్రల్లో పెట్టి ఒక్క మనిషి తోస్తే వ్యాను కదలాలి. కదలకపోతే మీ పెట్రోలులో కొంత ఆ బ్రేకుకే పోతోంది. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు, తలుపు దగ్గర అతికించిన కాగితంలో రాసిన ప్రకారం పట్టించండి. వెనక పరుపూ సామానూ ఉన్నప్పుడు పూర్తి లోడుకు రాసిన అంకె చూసుకోవాలి.

6. వంద కిలోలు బస్సుకు లెక్కలేదు, వ్యానుకు ఉంది

పది టన్నుల బస్సులో ఇద్దరు ఎక్కువ ఎక్కితే తెలియదు. ఖాళీ వ్యాను బరువు ఎనిమిది వందల కిలోలకు అటూ ఇటూ. అందులో వంద కిలోలంటే ఎనిమిదో వంతు. యాత్రకు బయల్దేరేటప్పుడు ఆడవాళ్లు బియ్యం బస్తా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు, ఇత్తడి గిన్నెలు ఎక్కిస్తారు. నాలుగు క్యాన్లంటే ఎనభై కిలోలు. ఒక్కటి చాలు, దారిలో ప్రతి ఊళ్లోనూ నీళ్ల ప్లాంటు ఉంది. ఇత్తడి మానేసి అల్యూమినియం పట్టుకెళ్లండి.

టాప్ క్యారియరు విషయంలో నేను మొండిగా ఉంటాను. అవసరమైన యాత్రకే బిగించుకోవాలి, రాగానే విప్పేయాలి. ఏడాదంతా ఖాళీ క్యారియరుతో తిరిగే బండి, ఖాళీగానే గాలిని తోస్తూ పోతుంది. సామాను తప్పనిసరిగా పైన పెట్టాల్సి వస్తే ముందు వైపు తక్కువ ఎత్తులో, వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా సర్ది, టార్పాలిన్ బిగుతుగా కట్టండి. పటపట కొట్టుకునే పట్టా కూడా పెట్రోలు తింటుంది.

7. ఇంజను ఆన్ చేసి పడుకోవద్దు

ఇది పొదుపు మాటకంటే ముందు ప్రాణం మాట. మన వ్యాను ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. పాత సైలెన్సరుకు ఎక్కడో చిల్లు ఉంటుంది. ఫ్యాను కోసమో ఫోను చార్జింగు కోసమో ఇంజను నడుస్తుండగా లోపల పడుకుంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి. రెండో బ్యాటరీ ఒకటి, పైన చిన్న సోలారు పలక ఒకటి పెట్టుకుంటే ఫ్యాను, లైటు, ఫోను నడుస్తాయి. వంట కూడా బండి బయటే, పెట్రోలు ట్యాంకుకు దూరంగా.

రైల్వే గేటు దగ్గర, గుడి ముందు క్యూలో, నిమిషం దాటి ఆగాల్సి వస్తే ఇంజను ఆపేయండి.

8. బంకులో నమ్మాల్సినవి, నమ్మకూడనివి

పొద్దున్నే కొట్టిస్తే పెట్రోలు చిక్కగా ఉంటుందంటారు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, అక్కడ పొద్దుటికీ సాయంత్రానికీ వేడిలో తేడా చెప్పుకోదగ్గంత ఉండదు. వంద బదులు నూట పది కొట్టిస్తే మోసం జరగదంటారు, దాంట్లోనూ అర్థం లేదు. సున్నా చూసుకోండి, బిల్లు తీసుకోండి. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్రలో కొలిచి చూపమనండి. ప్రతి బంకులో ఆ పాత్ర ఉండాలి, అడగడం మన హక్కు. ఖరీదైన ప్రీమియం పెట్రోలు ఎక్కువ కంప్రెషను ఉన్న ఇంజన్లకు పనికొస్తుంది. మన పాత ఇంజనుకు ఆ అదనపు ఆక్టేన్ వల్ల మైలేజీ పెరగదు. సీసాల్లో అమ్మే మైలేజీ టానిక్కులూ అంతే.

నిజంగా ఆలోచించాల్సింది ఇథనాల్ గురించి. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2025 నాటికి దేశమంతా మామూలు పెట్రోలైపోయింది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ 6–7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. అంటే 15 ఇచ్చే బండి 14 ఇస్తే అది మీ మెకానిక్కు తప్పు కాదు. మీ చేతుల్లో ఉన్నది వేరే. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, కాబట్టి ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా పాత పైపులన్నీ తీసేసి, ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించండి. సీటు కింద పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించండి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. యాత్రకూ యాత్రకూ మధ్య నెలల తరబడి ఆగిపోయే వ్యానుకు ఇది చేటు. వారానికోసారి కంచికచర్ల దాకా అయినా తిప్పండి.

9. సరిహద్దు దాటి కొట్టించడం

మన ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాటు, 1 రూపాయి రోడ్డు సెస్సు. తెలంగాణలో 35.2 శాతం వ్యాటు ఒక్కటే. మొత్తం మీద అక్కడ లీటరు మనకంటే రెండు రూపాయల దాకా తక్కువ పడుతోంది. హైదరాబాదు నుంచి వస్తుంటే కోదాడ దగ్గర ట్యాంకు నింపుకుని గరికపాడు చెక్‌పోస్టు దాటండి. అది తెలివైన పని. దానికోసమే చెవిటికల్లు నుంచి వెళ్లిరావడం మాత్రం నష్టం. ముప్పై లీటర్ల మీద మిగిలేది అరవై రూపాయలు. పోనూ రానూ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లకు ఖర్చయ్యేది ఏడెనిమిది వందలు.

10. గ్యాసు కిట్టు

నెలకు రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగే బాడుగ బండికి సీఎన్‌జీ గిట్టుబాటవుతుంది. ఏడాదికి నాలుగు వేలు తిరిగే యాత్రల వ్యానుకు కాదు. కిట్టు ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఖాళీ ఇనప సిలిండరే యాభై అరవై కిలోలు, పడుకునే చోటులో సగం దానికే పోతుంది. పెట్టించుకునే పక్షంలో ఆమోదం ఉన్న కిట్టే పెట్టించి, రవాణా శాఖ దగ్గర ఆర్‌సీలో ఎక్కించుకోండి. మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష తప్పదు.

ఇంటి వంట సిలిండరు వెనక పెట్టి పైపు లాగి బండి నడపడం ఒకప్పుడు చాలాచోట్ల జరిగేది, ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. చట్టవిరుద్ధం అన్నది ఒక సంగతి. పిల్లలు పడుకున్న బండిలో కారే గ్యాసు నేల మీదే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. నాకు తెలిసిన కుర్రాళ్లెవరు ఆ పని చేస్తున్నా నేను ఆ బండి ఎక్కను, నా వాళ్లను ఎక్కనివ్వను.

11. ఘాట్ రోడ్డు, టైము

దోర్నాల దాటి శ్రీశైలం ఎక్కే అడవి దారిని పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. వినుకొండలో ఆలస్యమై, గేటు పడుతుందేమోనని తొక్కుకుంటూ పోయే వ్యానులను చూస్తుంటాను. వాళ్లు ఆ దారిలో కాల్చే అదనపు పెట్రోలు, రోజంతా చేసిన పొదుపును తినేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటి దగ్గర బయల్దేరితే గుంటూరు ట్రాఫిక్కు తగలదు, ఎండకు ముందే సగం దారి అయిపోతుంది.

దిగేటప్పుడు న్యూట్రల్లో పెట్టి వదిలితే పెట్రోలు మిగులుతుందని కొందరి నమ్మకం. ఎంపీఎఫ్‌ఐ ఇంజను గేరులో ఉండి, యాక్సిలేటరు మీద కాలు లేకుండా దిగుతుంటే పెట్రోలు పోయడమే ఆపేస్తుంది. న్యూట్రల్లో అయితే ఐడ్లింగుకు పోస్తూనే ఉంటుంది. కార్బురేటరు బండిలో మిగిలేది ఉన్నా చాలా కొంచెమే. దానికోసం బ్రేకులు కాల్చుకుని లోయ పక్కన ప్రాణం పణంగా పెట్టాలా? ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఆర్టీసీలో ఘాట్ మీద న్యూట్రల్లో దించిన డ్రైవరుకు మైలేజీ ఎంత వచ్చినా మెచ్చుకోలు ఉండదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మన వైపు నుంచి వందల వ్యానులు భద్రాచలం, రాజమండ్రి దారి పడతాయి. ఆ రోజుల్లో నందిగామలో గానీ, బెజవాడ ఆటోనగర్లో గానీ ఏ మెకానిక్కుకూ ఊపిరి సలపదు, పైపైన చూసి పంపేస్తారు. కాబట్టి కనీసం నెల ముందే బండిని చూపించి, థర్మోస్టాట్ వాల్వూ పెట్రోలు పైపులూ బ్రేకులూ సరిచేయించి, ఒక ట్యాంకు తిరిగి లెక్క చూసుకున్నాకే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోండి.